హైడ్రేంజియా పూలు: అపోహలు - వాస్తవాలు

పెళ్లి అలంకరణకు హైడ్రేంజియా, అంటే ఒక్క కాడకు పెద్ద గుత్తిగా పూసే పూలు, తెప్పించినవాళ్ల నుంచి నేను ఎక్కువగా వినే మాట, "పొద్దున తెచ్చాం, మధ్యాహ్నానికే వాడిపోయింది" అని.

అపోహ: తల వాల్చిందంటే పని అయిపోయినట్టే, పారేయాలి.

వాస్తవం: చాలాసార్లు అది దాహం మాత్రమే. అంత పెద్ద గుత్తికి నీళ్లన్నీ ఒక్క కాడలోంచే ఎక్కాలి. కోసినచోట జిగురు ఊరి దారి మూసుకుపోతుంది. కాడ చివర ఒక అంగుళం ఏటవాలుగా కోసి, వెంటనే పటిక పొడిలో అద్ది నీళ్లలో పెట్టండి. అప్పటికీ లేవకపోతే గుత్తిని బకెట్ చల్లటి నీళ్లలో అరగంట నుంచి గంట దాకా పూర్తిగా ముంచండి. మనం రేకులనుకునేవి నిజానికి రక్షక పత్రాలు (మామూలుగా మొగ్గను కప్పి ఉంచే ఆకుల్లాంటి భాగాలు), అవీ నీళ్లు పీలుస్తాయి. బయటికి తీసి వేలితో తడిమి చూడండి. మెత్తగా వేలాడినవి మళ్లీ బిరుసెక్కి ఉంటాయి. అంచులు గోధుమరంగుకు తిరిగి పెళుసుబారితే మాత్రం ఇక లాభం లేదు.

అపోహ: గులాబీలా మొగ్గలోనే కోయాలి.

వాస్తవం: లేత గుత్తే ముందు వాడుతుంది. అన్నీ విచ్చుకుని, తాకితే కాగితంలా కాస్త గట్టిగా తగిలేదాకా ఆగి, తెల్లవారుజామున కోయండి. ఆకులు చాలావరకు తుంచేయండి, లేకపోతే పువ్వుకు చేరాల్సిన నీళ్లు అవే లాగేసుకుంటాయి.

అపోహ: కుండీలో తుప్పు మేకులు పాతితే పూలు నీలంగా మారతాయి.

వాస్తవం: నీలానికి కావాల్సింది ఇనుము కాదు, అల్యూమినియం. మట్టి పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే తక్కువుంటే అది వేళ్లకు బాగా అందుతుంది. 6.5 దాటితే అందదు, పూలు గులాబీరంగులోకి తిరుగుతాయి. ఊటీలో నీలంగా చూసి తెచ్చుకున్న మొక్క హైదరాబాద్‌లో గట్టి బోరునీళ్లకు మట్టి పీహెచ్ పెరిగి రంగు మార్చేది అందుకే. ఫాస్ఫరస్ ఎక్కువున్న ఎరువు వేసినా నీలం తగ్గుతుంది. తెల్ల రకాలు ఏం చేసినా నీలం కావు. కోసేశాక వాజులో అల్యూమినియం ఉన్న పటిక ఎంత కలిపినా అంతే, రంగు చెట్టు మీదే ఖాయమైపోతుంది.

ఇంకొకటి, నాకు నిజంగా భయం వేసే అపోహ: కేకు మీద పెట్టొచ్చని. వద్దు. ఈ మొక్కలో సైనైడ్‌ను పుట్టించే పదార్థాలున్నాయి. పెళ్లయ్యాక మండపం పూలు ఆవులకు వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి హైడ్రేంజియా గుత్తుల్ని, తుంచిన ఆకుల్ని ముందే వేరుచేసి కంపోస్టు గుంతలో వేయండి.