లిథియం తిన్న ఎలుక మెదడులో ఏం జరుగుతుంది? అపోహలు - వాస్తవాలు

లిథియం బైపోలార్‌కు, అంటే ఉన్మాదం (మితిమీరిన ఉద్రేకం), కుంగుబాటు దశలు వచ్చిపోయే మానసిక జబ్బుకు వాడే మందు. పరిశోధన కోసం ఎలుకలకు అది కలిపిన మేత పెడుతున్నానంటే, "వాటికీ బైపోలార్ వస్తుందా?" అని అడుగుతారు. రాదు. ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

అపోహ: ఎలుకకు జబ్బు తెప్పించి, మందుతో తగ్గిస్తారు.

వాస్తవం: ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి పరుగులు పెట్టించవచ్చు, శరీర గడియారాన్ని నడిపే క్లాక్ జన్యువును మార్చవచ్చు. అవి ఉన్మాద దశలోని కొన్ని లక్షణాలకు నకళ్లు, అంతే. ఈ మందులు మెదడు రసాయనాలను ఎలా మారుస్తాయో తెలిసినదాంట్లో చాలా భాగం ఆరోగ్యంగా ఉన్న ఎలుకల నుంచే వచ్చింది.

అపోహ: లిథియం ఒక రకం మత్తుమందు.

వాస్తవం: 1940ల చివర్లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం ఇచ్చిన గినీ పందులు మందకొడిగా పడి ఉండటం చూశాడు. అది మోతాదు మించి విషమెక్కడం వల్ల కావచ్చని తర్వాతివారి అనుమానం. అయినా కేడ్ దాన్ని ఉన్మాద రోగులకు ఇచ్చి చూస్తే గుణం కనిపించింది. దారి తప్పినా ఊరు చేరాడాయన.

అపోహ: మెదడులో తగ్గిన ఏదో ఒక రసాయనాన్ని లిథియం, వాల్‌ప్రోయేట్, కార్బమాజెపిన్ లాంటి బైపోలార్ మందులు భర్తీ చేస్తాయి.

వాస్తవం: ఇవి ఎక్కువగా కణం లోపలి సంకేతాల మీద పనిచేస్తాయి. లిథియం కణ సంకేతాలకు కావలసిన ఇనోసిటాల్‌ను తిరిగి తయారుచేసే ఎంజైమ్‌ను, జీఎస్‌కే-3 అనే మరో ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. వాల్‌ప్రోయేట్ జన్యువుల పనిని అదుపుచేసే హిస్టోన్ డీఅసిటైలేజ్ అనే ఎంజైమ్‌ను ఆపుతుంది. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది అరకిడోనిక్ ఆమ్లం కథ. వారాల తరబడి లిథియం, కార్బమాజెపిన్, వాల్‌ప్రోయేట్‌లలో ఏది ఇచ్చినా ఎలుకల మెదడు కణాల పొరల్లో ఈ కొవ్వు ఆమ్లం రాకపోకలు తగ్గాయి. మొదటి రెండూ దాన్ని పొరలోంచి విడిపించే ఫాస్ఫోలిపేజ్ అనే ఎంజైమ్‌ను తగ్గిస్తే, వాల్‌ప్రోయేట్ దాన్ని తిరిగి పొరలోకి చేర్చే దశలో అడ్డుపడుతుంది. ఉన్మాదం మీద జరిగిన క్లినికల్ ట్రయల్స్‌లో విఫలమైన టోపిరమేట్ అనే మూర్ఛ మందుకు ఎలుకల్లో ఈ ప్రభావమే కనిపించలేదు! ఇంతమాత్రాన మందు పనిచేసే కారణం ఇదేనని తేల్చలేం. కానీ కొట్టిపారేయడమూ కష్టమే.

అపోహ: ఒక ఇంజెక్షన్ ఇచ్చి మెదడును పరీక్షిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఉన్మాదం తగ్గడానికి మనుషుల్లో వారం, పది రోజులు పడుతుంది. గంటలో కనిపించే మార్పు దాన్ని వివరించలేదు. పైగా ఎలుక శరీరం లిథియంను మనకంటే చాలా వేగంగా బయటికి పంపేస్తుంది. అందుకే మేతలో కలిపి, రక్తంలో స్థాయిని మనుషులకు వాడే లీటరుకు 0.6 - 1.0 మిల్లీమోల్ దగ్గర నిలపాలని చూస్తాం. మూత్రం విపరీతంగా పోస్తాయి కాబట్టి నీళ్ల సీసా పక్కనే ఉప్పునీటి సీసా కూడా పెడతాం. పంజరంలో పొట్టు రోజూ తడే. ఎవరి పరిశోధన చదివినా నేను ముందుగా వెతికేది ఆ రక్తస్థాయి అంకె కోసమే.