ఫ్యాను రెక్క మీది దుమ్ము, శ్రీహరికోట రాకెట్

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీరు నన్ను రెండు మాటలు అడిగారు. ఆ పూట ఇంటి నిండా చుట్టాలు ఉండటంతో దేనికీ తృప్తిగా జవాబు చెప్పలేకపోయాను. పెద్దమ్మాయి ఫ్యాను తుడుస్తూ, "ఇంత జోరుగా తిరిగే రెక్క మీద దుమ్ము ఎలా నిలుస్తుంది తాతయ్యా, ఎగిరిపోవాలి కదా?" అంది. మరునాడు మేడ మీద నుంచి రాకెట్ చూసి దిగుతున్నప్పుడు చిన్నవాడు దిగాలుగా, "మెకానికల్ చదివితే మోటార్లు బాగుచేసుకోవడమే గాని రాకెట్ల దాకా వెళ్లలేమట" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా మెకానికల్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాట నాకు గుచ్చుకుంది. మీరు వెళ్లాక ఆలోచిస్తే, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే మనిషి జీవితంలో ఉందనిపించింది. ఆయన పేరు మీకు తెలుసు. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోటకు వెళితే అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం ముందు కనిపించే పేరే. సతీష్ ధావన్.

ముందు దుమ్ము సంగతి చూద్దాం. గాలి ఒక వస్తువు మీదుగా వెళ్లేటప్పుడు ఆ వస్తువుకు ఆనుకుని ఉన్న గాలి జారిపోదు, అంటుకుని ఉంటుంది. దానిపై ఉన్న గాలి కొంచెం కదులుతుంది, ఆపైది ఇంకొంచెం వేగంగా కదులుతుంది. అలా పైకి పోయేకొద్దీ వేగం పెరిగి, కొంత ఎత్తున గాలి తన పూర్తి వేగాన్ని అందుకుంటుంది. ఈ పలుచని మేరనే సరిహద్దు పొర అంటారు. రెక్కకు దుమ్ము అంటుకోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ ఒకసారి అంటుకున్న సన్నని దుమ్ము ఎగిరిపోకపోవడానికి ఒక ముఖ్య కారణం ఈ పొర. అది రెక్కతో పాటే తిరుగుతున్న గాలి అడుగున దాక్కుని ఉంటుంది. పెద్ద గాలి దాని దాకా చేరదు.

ఇలా అంటుకున్న గాలి ఊరికే ఉండదు. వస్తువును పట్టి వెనక్కి లాగుతుంది. విమానం ఇంధనంలో పెద్ద వంతు ఈ లాగుడును గెలవడానికే ఖర్చవుతుంది. ఇంజనీర్లు దీన్ని ఉపరితల ఘర్షణ అంటారు. 1940లలో దీని మీద లెక్కలు చాలా ఉన్నాయి. కానీ ధ్వని కంటే వేగంగా పోయే గాలిలో ఆ లెక్కలు ఎంతవరకు నిజమో తేల్చాలంటే ఎవరో ఒకరు నేరుగా కొలవాలి. ఎలా కొలుస్తారో ఒక్క నిమిషం మీరే ఆలోచించండి. కంటికి కనిపించని గాలి ఒక పలక మీద పెట్టే సన్నని లాగుడు అది.

అమెరికాలో కాల్‌టెక్ అనే విద్యాసంస్థలో హాన్స్ లీప్‌మన్ అనే ఆచార్యుని దగ్గర పరిశోధన చేస్తున్న ధావన్ దీనికి ఒక ఉపాయం చేశారు. చదునైన పలకలో ఒక చిన్న ముక్కను వేరుచేసి, చుట్టూ చాలా సన్నని సందు వదిలి, పలుచని స్ప్రింగుల మీద తేలేలా అమర్చారు. పైనుంచి గాలి పోతుంటే ఆ ముక్క కొద్దిగా, చాలా కొద్దిగా కదులుతుంది. ఆ కదలికను విద్యుత్ పరికరంతో పట్టుకుంటే గాలి ఎంత బలంగా లాగిందో తెలుస్తుంది. వినడానికి సులువుగా ఉంది గాని, చేతితో చేసిచూస్తే తెలుస్తుంది కష్టం. సందు కాస్త పెద్దదైతే గాలి అందులో దూరి కొలత పాడవుతుంది. ముక్క ఒక వెంట్రుకవాసి పైకి లేచినా, కిందికి దిగినా అంతే. స్ప్రింగు గట్టిగా ఉంటే ముక్క కదలదు, మెత్తగా ఉంటే వణుకుతుంది. పిల్లలూ, ఇది అచ్చంగా మెకానికల్ పని. ఆయన లాహోరులో గణితం, భౌతికశాస్త్రం చదివి, ఇంగ్లిషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, తరువాత మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. విమానశాస్త్రం అటు తరువాత అమెరికా వెళ్లి నేర్చుకున్నది. 1951లో ఆయనకు డాక్టరేటు వచ్చింది. ఆ కొలతకు లెక్కలు ఎంత అవసరమో, మరలూ స్ప్రింగులూ తెలిసిన చెయ్యి కూడా అంతే అవసరమైందని నేను గట్టిగా నమ్ముతాను.

అదే ఏడాది ఆయన బెంగళూరు వచ్చి భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. మన దేశంలో ధ్వనిని మించిన వేగంతో గాలిని పరిగెత్తించి పరీక్షలు చేసే తొలి సొరంగాలు అక్కడ ఆయన చొరవతోనే వచ్చాయి. మొదటిది ఎంత పెద్దదో తెలుసా? గాలి పోయే దారి అడ్డంగా కొలిస్తే ఒక అంగుళం, మూడు అంగుళాలు. అగ్గిపెట్టె పట్టేంత చోటు! ఆ చిన్న దారిలోనే విద్యార్థులు పెద్ద ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు.

అలాంటి ఒక ప్రశ్నను మీరు ఇంట్లోనే చూడవచ్చు. గాలి కదలని గదిలో అగరువత్తి వెలిగించండి. పొగ కొంత దూరం దారంలా నిటారుగా లేస్తుంది. ఉన్నట్టుండి మెలికలు తిరిగి చెదిరిపోతుంది. సాఫీగా పోయే ప్రవాహం అల్లకల్లోలంగా మారే ఆ మలుపు, గాలిలోనైనా నీటిలోనైనా, శాస్త్రవేత్తలను ఇప్పటికీ వేధిస్తున్న సమస్య. పలక మీది సరిహద్దు పొరలో ఆ మార్పు జరిగే మేర గురించి ధావన్, ఆయన శిష్యుడు రొద్దం నరసింహ కలిసి 1958లో ప్రచురించిన పరిశోధనను ఆ రంగంలోని వాళ్లు నేటికీ తలుచుకుంటారు. ఆ శిష్యుడు తరువాత తానే పెద్ద శాస్త్రవేత్త అయి, జాతీయ విమానశాస్త్ర ప్రయోగశాలకు సంచాలకుడయ్యారు. గురువు పేరు, శిష్యుడి పేరు ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చయిన ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు నిండుతుంది. నేను కూడా ఒక బడిపంతులునే కదా.

1962లో ధావన్ భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు, 1981 దాకా ఉన్నారు. ఆ కాలంలో అక్కడ ఎన్నో కొత్త శాఖలు వచ్చాయి. ప్రొటీన్ల ఆకృతి మీద పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, అడవుల మీద, జీవజాలం మీద పనిచేసిన మాధవ్ గాడ్గిల్ అక్కడ చేరింది ఆయన హయాంలోనే. పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 1974లో ఒక విభాగమే మొదలైంది.

ఇప్పుడు చిన్నవాడి ప్రశ్నకు వస్తాను. 1971 డిసెంబరు 30న, మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా కన్నుమూశారు. ఆ సమయంలో ధావన్ ఒక ఏడాది పాఠాలకు, పరిశోధనకు మళ్లీ కాల్‌టెక్ వెళ్లి ఉన్నారు. అంతరిక్ష కార్యక్రమం బాధ్యత తీసుకోమని ప్రధాని ఇందిరా గాంధీ కోరారు. ఆయన రెండు షరతులు పెట్టారు. కార్యక్రమానికి ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. తాను విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా కొనసాగాలి. అంతేకాదు, కాల్‌టెక్‌లో ఒప్పుకున్న పని ముగించుకుని గాని రానన్నారు. ఆ షరతులు ఒప్పుకున్నారు, ఆయన 1972లో వచ్చారు. దేశం పిలిచినప్పుడు షరతులేమిటని నా చిన్నప్పుడు కొందరు పెద్దలు అనగా విన్నాను. నాకు అలా అనిపించదు. చదువు చెప్పే చోటును వదిలితే రాకెట్ల పనికి కొత్త మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? తొమ్మిదేళ్లు ఆయన రెండు కుర్చీల్లోనూ పనిచేశారు.

1979 ఆగస్టు 10. శ్రీహరికోట నుంచి మన తొలి ఉపగ్రహ వాహనం ఎస్‌ఎల్‌వి-3 లేచింది. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, నాలుగు దశలు. ఉపగ్రహం భూమి చుట్టూ నిలవాలంటే సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. నాయుడుపేట నుంచి నెల్లూరుకు ఎంత దూరమో మీకు తెలుసు, ఆ వేగంతో పోతే పది సెకన్లు కూడా పట్టదు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో రాకెట్‌ను దారిలో పెట్టే వ్యవస్థకు కావలసిన ఆమ్లం, ఒక వాల్వు సరిగా మూసుకోక, ముందే కారిపోయింది. రాకెట్ అదుపు తప్పింది. ఐదు నిమిషాలు దాటేసరికి బంగాళాఖాతంలో పడింది. అంత పెద్ద రాకెట్, ఒక వాల్వు! బోరు మోటారులో మీరు చూసే వాల్వుకు అది దూరపు చుట్టమే అనుకోండి. అది సరిగ్గా మూసుకునేలా చూసేది మెకానికల్ చదివినవాడే నాయనా.

ఆ ప్రయోగానికి సారథి అబ్దుల్ కలాం. తరువాత జరిగింది ఆయన ఎన్నో సభల్లో చెప్పారు. విలేకరులు ఎదురుచూస్తున్నారు. ధావన్ కలాంను పక్కన ఉంచుకుని మాట్లాడింది తానే. విఫలమయ్యామని ఒప్పుకున్నారు, తన బృందం మీద నమ్మకం ఉందని, తరువాతిసారి సాధిస్తారని చెప్పారు. 1980 జులై 18న రెండో ఎస్‌ఎల్‌వి-3 లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి విలేకరుల ముందుకు వెళ్లమని కలాంనే పంపారు. ఈ కథ ఎక్కడ విన్నా పెద్దమనసు అంటారు. నాకు మాత్రం అందులో ఒక ఉపాధ్యాయుడు కనిపిస్తాడు. ప్రయోగశాలలో శిష్యుడి లెక్క తప్పితే గురువు అందరి ముందూ వాణ్ణి నిలబెట్టడు. లెక్క కుదిరిన రోజున నల్లబల్ల దగ్గరికి వాణ్ణే పిలుస్తాడు.

ఆయన 1984 దాకా ఇస్రో అధ్యక్షుడిగా ఉన్నారు. 2002 జనవరి 3న మరణించారు. అదే ఏడాది సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. అది ఉపాధ్యాయ దినోత్సవం కూడా అని గమనించారా?

ఇంకొక్క సంగతి ఉంది. ఇది పెద్దమ్మాయికి బాగా నచ్చుతుంది. ఆయనకు పక్షులంటే ప్రాణం. పులికాట్ సరస్సు ఒడ్డున గంటల తరబడి వాటిని చూసేవారు. పక్షి ఎలా ఎగురుతుందో విమానశాస్త్రం చదివినవాడి కళ్లతో గమనించి ప్రత్యేకంగా రాశారు కూడా. గూడబాతు నీటి మీద అంత తక్కువ ఎత్తున, రెక్కలు ఆడించకుండా ఎంత దూరం సాగిపోతుందో మీరు ఎప్పుడూ చూడలేదు. నీటి ఉపరితలానికి దగ్గరగా ఎగిరితే రెక్క కొసల దగ్గర గాలి సుడి తిరగడం తగ్గి, లాగుడు తగ్గుతుంది. ఫ్యాను రెక్కా గాలిలోదే, రాకెట్టూ గాలిలోదే, గూడబాతూ గాలిలోదే.

సంక్రాంతి సెలవులకు రండి. తెల్లవారకముందే బయలుదేరి సూళ్లూరుపేట మీదుగా పులికాట్ దారిలో వెళదాం. ఆ రోజుల్లో నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి ఉంటాయి. బైనాక్యులర్స్ నా దగ్గర ఉన్నాయి, అద్దం తుడిచి పెడతాను. ఫ్యాను మాత్రం తుడవను. మీరు వచ్చాక ఆ దుమ్ము రెక్కలో ఏ అంచున మందంగా ఉందో, ఎక్కడ పలుచగా ఉందో స్టూలెక్కి మీరే చూసి, కారణమేమిటో నాకు చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య