రసాయన మిశ్రమాల పేటెంట్ అప్పీళ్లు: ఆబ్వియస్‌నెస్‌పై అపోహలు, వాస్తవాలు

అప్పటికే వెలువడిన పరిజ్ఞానాన్ని బట్టి ఆ రంగంలోని నిపుణుడికి సులువుగా తట్టే మార్పుకు పేటెంట్ ఇవ్వకూడదన్నదే ఆబ్వియస్‌నెస్ సూత్రం. అమెరికాలో పేటెంట్లకు దరఖాస్తు చేసే హైదరాబాద్ ఔషధ శాస్త్రవేత్తలతో మాట్లాడేటప్పుడు, తిరస్కరణపై అప్పీలుకు సిద్ధమయ్యే దశలో, కొన్ని అపోహలు నాకు పదేపదే ఎదురవుతుంటాయి.

అపోహ: మా మిశ్రమంలోని పదార్థాల శాతాలు అంతకుముందే ప్రచురితమైన పాత పత్రంలో ఎక్కడా లేవు కాబట్టి తిరస్కరణ నిలవదు.

వాస్తవం: కొత్తదనం ఒక్కటే చాలదు. 1985లో టైటానియం మెటల్స్ కేసులో ఒక క్లెయిమ్ (ఏ మేరకు పేటెంట్ హక్కు కావాలో దరఖాస్తులో చెప్పే వాక్యం) 0.8 శాతం నికెల్, 0.3 శాతం మాలిబ్డినం ఉన్న టైటానియం లోహమిశ్రమాన్ని కోరింది. పాత రష్యన్ వ్యాసంలోని రెండు మిశ్రమాల్లో ఒకదాంట్లో నికెల్ 0.75, మాలిబ్డినం 0.25 శాతం ఉండగా, మరొకదాంట్లో అవి 0.94, 0.31 శాతం. ఇంత దగ్గరి మిశ్రమాలకు ఒకే గుణాలుంటాయని నిపుణుడు ఆశిస్తాడు కాబట్టి ఆ క్లెయిమ్ ఆబ్వియస్ అని, అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు నిర్ణయించింది.

అపోహ: ఒక నమూనాలో ఊహించని ఫలితం వస్తే క్లెయిమ్ మొత్తం గట్టెక్కుతుంది.

వాస్తవం: అప్పీళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడేనని నా అభిప్రాయం. 2003 నాటి పీటర్సన్ కేసులో దరఖాస్తుదారులు నికెల్ ఆధారిత లోహమిశ్రమంలో 1 నుంచి 3 శాతం రీనియం అనే లోహాన్ని కోరారు. పాత పత్రం 0 నుంచి 7 శాతం వరకు చెప్పింది. పాత పరిధిలో కొత్త పరిధి ఇమిడిపోయినప్పుడు, అది ఆబ్వియస్ కాదని నిరూపించే భారం దరఖాస్తుదారుపైకి వస్తుంది. వారు 2 శాతం వద్ద మెరుగైన ఫలితం చూపినా, అది కోరిన పరిధి అంతటికీ వర్తిస్తుందని చూపలేకపోయారు. అందుకే పరిధి రెండు కొసల్లోనూ, వాటికి వెలుపలా ప్రయోగాలు జరిగాయా అని నేను ముందుగా అడుగుతాను. అవి లేనప్పుడు, డేటా నిలబెట్టగలిగినంత మేరకు క్లెయిమ్‌ను కుదించుకోవడం మేలు.

పైగా, మెరుగుదల కొత్త గుణంగా కాక పాత గుణంలోనే హెచ్చుతగ్గుగా కనిపిస్తే, కోర్టు దాన్ని అంత బలమైన ఆధారంగా చూడకపోవచ్చు.

అపోహ: శాతం మార్చి పేటెంట్ పొందడం అసాధ్యం.

వాస్తవం: ఆ శాతం ఫలితాన్ని ప్రభావితం చేస్తుందని పాత పత్రాలు గుర్తించనే లేకపోతే, దాన్ని సరిదిద్దడం మామూలు ప్రయోగమనే వాదన బలహీనపడుతుంది. 1977 నాటి ఆంటోనీ తీర్పు మురుగునీటి శుద్ధి పరికరానికి సంబంధించినదైనా, ఈ తర్కానికి ఆధారం అదే.

అపోహ: కొత్త ప్రయోగ ఫలితాలను అప్పీలు బ్రీఫ్‌తో, అంటే అప్పీలులో వాదనలు రాసిచ్చే పత్రంతో, జతచేయవచ్చు.

వాస్తవం: పేటెంట్ కార్యాలయంలోని అప్పీల్ బోర్డు, దరఖాస్తును మొదట పరిశీలించిన అధికారి అయిన ఎగ్జామినర్ ముందున్న రికార్డునే పరిశీలిస్తుంది. న్యాయవాది వాక్యాలు సాక్ష్యం కావు. అందువల్ల దగ్గరి పాత మిశ్రమాన్ని, కొత్తదాన్ని ఒకే పరిస్థితుల్లో పరీక్షించిన ఫలితాలను, వాటిని వివరించే శాస్త్రవేత్త ప్రమాణపత్రాన్ని ఎగ్జామినర్ దగ్గర విచారణ సాగుతుండగానే దాఖలు చేయాలి.