పన్నెండు చేతులు మారి వచ్చే నట్టల మందు

దేవరకొండ నుంచి మక్తల్ దాకా గొర్రెల మందలున్న ఏ ఊళ్లో అడిగినా ఐవర్‌మెక్టిన్ సూది గురించి చెబుతారు. 1 శాతం మందైతే మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములుంటుంది. కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల లెక్కన 25 కిలోల గొర్రెకు చర్మం కింద అర మిల్లీలీటరు చాలు. గుండ్రటి నట్టలు, గోమార్లు పోతాయి; బద్దెపురుగులకు, కార్జపు జలగలకు మాత్రం ఇది పనిచేయదు. పత్తిలో, కందిలో పురుగుకు కొట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్ దీనికి దాయాదే. రెండింటికీ మూలం అవర్‌మెక్టిన్. జపాన్‌లోని ఇటో పట్టణం దగ్గర మట్టిలో సతోషి ఒమురా బృందానికి దొరికిన స్ట్రెప్టోమైసిస్ అవర్మిటిలిస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. ఒమురాకు, విలియం క్యాంబెల్‌కు 2015లో నోబెల్ వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. ఆ బ్యాక్టీరియా మందును ఎలా కడుతుందన్నదే ఎక్కువమందికి తెలియదు.

కట్టేది పాలీకీటైడ్ సింథేజ్ అనే ఎంజైమ్. నాలుగు భారీ ప్రోటీన్లలో వరుసగా 2, 4, 3, 3 చొప్పున మొత్తం 12 మాడ్యూళ్లు, అంటే ఒక్కో మెట్టు పని చేసే భాగాలు, ఉంటాయి. స్లాబ్ పోసేరోజు తట్ట చేతులు మారినట్టు, పెరుగుతున్న కర్బన గొలుసు ఒక మాడ్యూల్ నుంచి ఇంకోదానికి పోతుంది. కాకపోతే ఇక్కడ ప్రతి చేయీ దానికి రెండు కర్బనాలు కలిపి మరీ అందిస్తుంది.

మాడ్యూల్‌లో కనీసం మూడు భాగాలుండాలి. గొలుసుకు కలిపే ముక్కలు రెండు రకాలు: మలోనిల్ ముక్క కావాలా, మిథైల్ మలోనిల్ ముక్క కావాలా ఎంచేది ఏటీ (AT) అనే భాగం. ఎంచినదాన్ని మోసేది ఏసీపీ. దానికి సుమారు 2 నానోమీటర్ల పొడవున్న వంగే చేయి ఉంటుంది, చివర గంధకం. ముక్క ఆ గంధకానికి తగులుకుని ఉంటుంది. అప్పటిదాకా పెరిగిన గొలుసును కేఎస్ అనే మూడో భాగం తన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మీద పట్టుకుంటుంది. ముక్కలోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోగానే, ముక్కలో మిగిలిన కర్బనం వెళ్లి గొలుసును అంటుకుంటుంది. వాయువు బయటికి పోవడమే చర్యను ముందుకు నెడుతుంది, అందుకే అది వెనక్కి తిరగదు. ఆ తర్వాత మాడ్యూల్‌లో కేఆర్ అనే భాగం ఉంటే కీటోన్ కాస్తా హైడ్రాక్సిల్ అవుతుంది, డీహెచ్ ఉంటే నీరు పోయి జంటబంధం మిగులుతుంది. చివర్లో టీఈ అనే భాగం గొలుసును 16 పరమాణువుల వలయంగా మూసి వదులుతుంది.

ఏసీపీకున్న ఆ వంగే చేయి లేకపోతే ఏదీ నడవదు. దాన్ని ఏసీపీకి తగిలించడానికి వేరే ఎంజైమ్ ఉంది. ఇలాంటి ఎంజైమ్‌ల జన్యువుల్ని ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఇ.కోలై బ్యాక్టీరియాలో పెడితే దాని సొంత ఎంజైమ్ ఆ పని సరిగ్గా చేయదు. 2001లో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వలయాన్ని ఇ.కోలైతో చేయించినప్పుడు బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి ఆ జన్యువును కూడా తెచ్చి పెట్టాల్సి వచ్చింది.

నిజానికి ఈ పాలీకీటైడ్ సింథేజ్ అంత నికార్సైన పనివాడేమీ కాదు. ఒక్క మందు బదులు ఎనిమిది రకాలు కలిపి ఇస్తుంది. మొదటి మాడ్యూల్‌కు అందే ముక్క ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తే ‘ఎ’ (a) రకం, వేలిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తే ఒక కర్బనం తక్కువై ‘బి’ (b) రకం. 22, 23 కర్బనాల మధ్య నీరు పోతే ‘1’, పోకుంటే ‘2’. ఆ సగంసగం పనికి చాలాకాలం రెండో మాడ్యూల్‌లోని డీహెచ్‌నే అనుమానించారు. ఏవ్‌సీ అనే ఇంకో ఎంజైమ్‌కూ నీరు తీసే గుణం ఉందని తర్వాత తేలింది. ఐదో కర్బనం దగ్గర ఏవ్‌డీ అనే ఎంజైమ్ మిథైల్ తగిలిస్తే పెద్ద ‘ఎ’ (A), తగిలించకుంటే పెద్ద ‘బి’ (B). పురుగు మీద బాగా పనిచేసేది పెద్ద బి1. ఏవ్‌డీ జన్యువును చెడగొడితే పెద్ద ‘ఎ’ వర్గం రావడమే మానుతుంది. బి1లో ఐదు జంటబంధాలుంటే, 22-23 దగ్గరి దాన్ని మాత్రం హైడ్రోజన్‌తో తీసేస్తే ఐవర్‌మెక్టిన్. అందులో ఎక్కువ భాగం బి1ఎ నుంచి వచ్చిందే అయినా, కొంత బి1బి నుంచి వచ్చిందీ ఎందుకు కలిసి ఉంటుందో ఇప్పుడు తెలుస్తుంది: బ్యాక్టీరియా రెండింటినీ కలిపే ఇస్తుంది.

మొదటి ముక్క విషయంలో ఉన్న ఆ ఉదారతే ఒక కొత్త మందుకు దారితీసింది. సొంతంగా ఆ ముక్కను చేసుకోలేకుండా మార్చిన అదే బ్యాక్టీరియాకు సైక్లోహెక్సేన్ కార్బాక్సిలిక్ ఆమ్లం పెడితే, దాన్నే తీసుకుని డోరామెక్టిన్ కట్టింది. ఇదీ ఇప్పుడు పశువుల మందే. గొలుసు మధ్యలో మార్పు మాత్రం ఇంత తేలిక కాదు. ఒక ఏటీని మార్చి వేరే ముక్క ఎక్కిస్తే, తర్వాతి మాడ్యూళ్ల కేఎస్‌లు అలవాటులేని గొలుసును సరిగా తీసుకోవు. దిగుబడి చాలాసార్లు అక్కడే పడిపోతుంది.