ఆకాశంలో ధర్మకాటా

“ఉపగ్రహం చూసి మా చేలో బోరు పాయింటు చెప్తుందా సార్?” అని అనంతపురం జిల్లా నుంచి ఒక రైతు అడిగారు. చెప్పదు. ఆ ధైర్యం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లకే ఉంది. కాయ లేచి నిలబడిన చోట నీళ్లు పడితే ఊరంతా చెప్పుకుంటుంది. పడకపోతే రైతు తన తలరాత అనుకుంటాడు. పడని బోర్లను కూడా పక్కన రాసుకుంటే గానీ ఆ విద్య సంగతి తేలదు, ఆ లెక్క రాసేవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఉపగ్రహం పని వేరు. అది భూగర్భంలోకి తొంగిచూడదు, తూకం వేస్తుంది.

2002 మార్చిలో అమెరికా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపాయి. దాదాపు 500 కి.మీ. ఎత్తున, 220 కి.మీ. ఎడంతో, ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. కింద నేల బరువుగా ఉన్న చోటు దగ్గరపడగానే అది ముందున్నదాన్ని ఎక్కువగా లాగుతుంది, ఎడం పెరుగుతుంది. ముందుది దాటిపోయాక అదే బరువు దాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు లాగుతుంది, ఎడం తగ్గుతుంది. ఈ తేడాను మైక్రోవేవ్ తరంగాలతో మైక్రాన్ల లెక్కన, అంటే మీటరులో పది లక్షల వంతు దాకా కొలుస్తారు. నెల రోజుల కొలతలు కలిపితే భూమి ఆకర్షణ పటం వస్తుంది. కొండలు నెలనెలా బరువు మారవు, మారేది ఎక్కువగా నీరే. 2017లో గ్రేస్ ఆగిపోయింది, 2018 మేలో దాని వారసులు ఎగిరాయి.

మార్కెట్ యార్డు దగ్గర ధర్మకాటా చూసే ఉంటారు. లోడు లారీ ఎక్కితే మొత్తం బరువు వస్తుంది. అందులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే ధాన్యం. గ్రేస్ ఇచ్చేది కూడా మొత్తం బరువే: చెరువులు, రిజర్వాయర్లు, మట్టిలో తేమ, అడుగున ఉన్న జలం అన్నీ కలిపి. భూగర్భ జలం కావాలంటే మిగతావన్నీ తీసెయ్యాలి. చిక్కేమిటంటే, ఇక్కడ ఖాళీ లారీని విడిగా తూచే వీలు లేదు. మట్టి తేమను కంప్యూటర్ నమూనాలతో అంచనా కడతారు. అక్కడ పొరపాటు పడితే, ఆ పొరపాటంతా భూగర్భ జలం ఖాతాలో పడుతుంది.

రెండో చిక్కు కాటా సైజు. అది దాదాపు 300 కి.మీ. పొడవు, అంతే వెడల్పు నేలను ఒకేసారి తూస్తుంది. అంత నేల మీద సెంటీమీటరు మందం నీరంటే 90 కోట్ల టన్నులు, మన లెక్కలో దాదాపు 32 టీఎంసీలు. లారీలో పాతికమంది రైతుల బస్తాలుంటే ఎవరి బస్తా తరిగిందో కాటావాడికేం తెలుస్తుంది?

పెద్ద లోడుకు మాత్రం ఈ కాటా అద్భుతం. పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీ ప్రాంతంలో 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని 2009లో నాసా శాస్త్రవేత్త రోడెల్ బృందం లెక్క తేల్చింది. 3,800 టీఎంసీలకు పైనే, అంటే పన్నెండు నాగార్జునసాగర్లు.

ఎవరి బస్తా అన్న ప్రశ్న దగ్గరే మెషీన్ లెర్నింగ్, అంటే పాత లెక్కల నుంచి కంప్యూటరే సంబంధాలు నేర్చుకునే విద్య, రంగంలోకి దిగుతుంది. వాన, పచ్చదనం, నేల వేడి, ఆవిరయ్యే నీరు వంటివాటిని ఉపగ్రహాలు చాలా చిన్న గడుల్లో ఇస్తాయి. ముందు పెద్ద గడిలో వీటికీ తూకానికీ ఉన్న సంబంధాన్ని ర్యాండమ్ ఫారెస్ట్ (చిన్న చిన్న ప్రశ్నల చెట్లు ఎన్నో వేసి, వాటి జవాబులను కలిపేది) లాంటి పద్ధతికి నేర్పిస్తారు, తర్వాత అదే సంబంధాన్ని చిన్న గడులకు వర్తింపజేస్తారు. వానల్లేని మార్చిలో, కాలువ లేని ఊళ్లో యాసంగి వరి పచ్చగా ఉందంటే అక్కడ మోటార్లు ఆడుతున్నాయన్నమాట. మీటర్లు లేని బోర్ల ఆచూకీ ఆ పచ్చదనమే చెబుతుంది. ఈ భాగం నాకు భలే ఇష్టం.

కానీ పంజాబ్ ఒండ్రు నేల, మనది ఎక్కువగా గ్రానైటు. ఒండ్రులో బయటికి తోడగలిగే నీరు నేల పరిమాణంలో దాదాపు 12 శాతం, మన రాతిలో పగుళ్లలో దొరికేది ఒకటి, రెండు శాతం. నాలుగు సెంటీమీటర్ల మందం నీరు తోడితే అక్కడ నీటిమట్టం మూడోవంతు మీటరు దిగుతుంది. రెండు శాతం రాతిలో ఏకంగా రెండు మీటర్లు. కాటా మీద రెండూ ఒకటే, మోటారు బిగించుకున్నవాడికి కాదు. ఇంత తక్కువ బరువు కొన్నిసార్లు తూకం తప్పులోనే కలిసిపోతుంది. అందుకే రాతి రకం చెప్పని నమూనాను తెలంగాణకో రాయలసీమకో వాడితే నాకు నమ్మకం కుదరదు.

దిద్దుబాటు నేల మీది బావులతోనే. కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు, జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో మట్టం చూస్తుంది. గొట్టంలోకి టేపు దించుతారు, కొస నీటిని తాకగానే కూత వస్తుంది, అంకె రాసుకుంటారు. నమూనాకు పరీక్ష పెట్టేది ఈ అంకెలే. పరీక్షలో మోసం కూడా సులువే: పక్కపక్క బావుల్లో ఒకదాన్ని నేర్పడానికి, ఇంకోదాన్ని పరీక్షకు వాడితే మార్కులు దండిగా వస్తాయి, కాపీ కొట్టిన పిల్లాడికి వచ్చినట్టే. ఒక మండలం బావులన్నిటినీ, లేదా ఒక కరువు ఏడాది మొత్తాన్నీ దాచిపెట్టి అడగాలి. అప్పుడొచ్చే మార్కులు ఎంతని ప్రతి పరిశోధన పత్రంలోనూ ముందుగా వెతుకుతాను. అవి లేకపోతే రంగురంగుల పటాల దాకా వెళ్లను.