తూము గుండా లెక్కించే ప్లేట్‌లెట్లు

డెంగీ సీజన్ వస్తే తప్పనిసరిగా వినిపించే ప్రశ్నే ఈసారి ఒక పాఠకురాలు అడిగారు: "బాబుకి పొద్దున ఒక ల్యాబులో ప్లేట్‌లెట్లు 42 వేలు, సాయంత్రం ఇంకో ల్యాబులో 35 వేలు వచ్చాయి. నిజంగా పడిపోయాయా, ఎవరైనా తప్పు చేశారా?"

ఈ రెండూ కాకపోవచ్చు. అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. నాకు చాలా ఇష్టమైన యంత్రం ఇది.

సీబీపీ, అంటే రక్తకణాలను లెక్కించే పరీక్ష, చేసే చాలా యంత్రాల్లో అసలు పని చేసేది ఒక సన్నటి రంధ్రం. అమెరికాకు చెందిన వాలెస్ కౌల్టర్ ఈ పద్ధతి కనిపెట్టాడు. 1953లో పేటెంటు వచ్చింది. అంతకుముందు గళ్లు గీసిన గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి, కళ్లు నొప్పి పుట్టేలా ఒక్కో కణాన్నీ మనిషే లెక్కపెట్టేవాడు.

రక్తాన్ని ఉప్పునీటిలో బాగా పలచన చేసి ఆ రంధ్రం గుండా లాగుతారు. రంధ్రానికి రెండు వైపులా ఎలక్ట్రోడ్లుంటాయి. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది, కణం పైపొర దాన్ని అడ్డుకుంటుంది. కణం దూరిన క్షణంలో నిరోధం పెరిగి ఒక పల్స్ వస్తుంది. కణం ఘనపరిమాణం ఎంత ఎక్కువైతే పల్స్ అంత ఎత్తు.

పొలానికి నీళ్లు వదిలే ఇరుకు తూములోంచి కొబ్బరిబొండాలు, నిమ్మకాయలు కొట్టుకుపోతున్నాయనుకోండి. మీరు కాయల్ని చూడరు. అవతల నీటి ధార ఎప్పుడు ఎంత తగ్గిందో మాత్రమే చూస్తారు. బాగా తగ్గితే బొండం, కాస్త తగ్గితే నిమ్మకాయ. ఎర్రకణం బొండం: 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు (ఒక ఫెమ్టోలీటరు అంటే మైక్రోలీటరులో వంద కోట్లో వంతు). ప్లేట్‌లెట్ నిమ్మకాయ: సగటున 7 నుంచి 12. యంత్రానికి తెలిసింది సైజు ఒక్కటే. దాని పొరపాట్లు చాలావరకు అక్కడే పుడతాయి. బొండం ముక్కలైతే ఆ ముక్కలు నిమ్మకాయల ఖాతాలో పడతాయి. నిమ్మకాయ మరీ పెద్దదైతే బొండాల్లో కలిసిపోతుంది. రెండు కాయలు ఒకేసారి దూరితే ఒకటిగానే లెక్క. అందుకే అంత పలచన చేయడం, ఆపైన గణితంతో సవరించడం.

నిమ్మకాయలు గుత్తిగా అతుక్కుంటే? కొందరి రక్తంలో, ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్లే ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి. ఒంట్లో సరిపడా ఉన్నా రిపోర్టులో తక్కువ కనిపిస్తాయి. అనుమానం వస్తే గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూడాలి, లేదా సిట్రేట్ ఉన్న నీలం మూత ట్యూబులో మళ్లీ తీయాలి. అంకె మరీ తక్కువగా వస్తే "స్మియర్ చూశారా?" అని ల్యాబును అడగండి.

ఇంకో చిక్కు లెక్కింపులోనే ఉంది. 400 పల్స్‌లు లెక్కిస్తే సహజంగా ఉండే ఊగిసలాట దాని వర్గమూలం, అంటే 20. అది 5 శాతం. 100 మాత్రమే దొరికితే 10 శాతం. ప్లేట్‌లెట్లు పడిపోయేకొద్దీ అంకె మీద భరోసా కూడా తగ్గుతుంది. పైగా ల్యాబులూ యంత్రాలూ వేరు. 42కీ 35కీ మధ్య తేడాలో కొంత ఇలా వచ్చిందే కావచ్చు.

బొప్పాయి ఆకు రసం సంగతీ చాలామంది అడుగుతారు. డెంగీ నుంచి కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే రసం తాగినవాళ్లు పేరు రసానికిస్తారు. తాగనివాళ్లతో పోల్చకుండా ఏదీ తేల్చలేమని మన స్కూళ్లలో గట్టిగా నేర్పాలి.

డెంగీలో డాక్టర్లు జాగ్రత్తగా గమనించే మరో అంకె పీసీవీ, అంటే మొత్తం రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతం చోటు ఆక్రమించాయన్నది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. మామూలుగా ఉండేదానికన్నా 20 శాతం పెరిగితే అది గట్టి హెచ్చరిక. ఈ యంత్రాల్లో అదీ తూము లెక్కే: మైక్రోలీటరుకు 50 లక్షల ఎర్రకణాలు, ఒక్కోటి సగటున 90 ఫెమ్టోలీటర్లు. గుణిస్తే 0.45 మైక్రోలీటరు, అంటే పీసీవీ 45 శాతం. రేపు రిపోర్టు రాగానే ప్లేట్‌లెట్ల వరసతో పాటు ఈ వరస కూడా నిన్నటిదాంతో పోల్చి డాక్టరుకు చూపించండి.