మన ఊరు ఎక్కడికీ పోలేదు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది: "తాతయ్యా, నువ్వు గుంటూరు జిల్లాలో, నాన్న ప్రకాశం జిల్లాలో పుట్టారంట. మనదేమో బాపట్ల జిల్లా. ఎన్ని ఇళ్లు మారారు?"

ఒక్కటీ మారలేదమ్మా. ఇద్దరం పుట్టింది ఆ పెంకుటింట్లోనే. చీరాల చుట్టుపక్కల ఊళ్లు 1970 దాకా గుంటూరు జిల్లావి. ఆ ఏడు ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో మనం బాపట్ల జిల్లాలోకి వచ్చాం.

నాయనమ్మ పోపుల పెట్టె తెలుసుగా? ఊరంటే అందులో ఒక చిన్న గిన్నె. గిన్నెను ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మార్చినా ఆవాలు ఆవాలే. మా చిన్నప్పుడు ఆ పెట్టె పేరు తాలూకా. మరీ పెద్దది, పనిబడితే రోజంతా పోయేది. 1985లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం తాలూకాలు తీసేసి, చెయ్యి పెడితే అందేలా చిన్న పెట్టెలు చేసింది. అవే మండలాలు. కొన్నిసార్లు అటకమీది పాత మూత కూడా దిగుతుంది. పల్నాడు అలాంటిదే. బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలం నాటి పేరు. ఏ జిల్లాకూ ఆ పేరు లేని రోజుల్లోనూ జనం దాన్ని వదల్లేదు. 2022లో అది జిల్లా పేరయింది.

గిన్నె అంచు మాత్రం పొలిమేర. నాకు పదేళ్లప్పుడు సర్వేయరు మా పొలానికి వస్తే గొలుసు కొస నాకే ఇచ్చారు. అరవై ఆరు అడుగులు, వంద లింకులు. ఎండకి కాలి చెయ్యి చురుక్కుమన్నా వదల్లేదు, వదిలితే కొలత తప్పుతుందని. మా నాన్న దున్నుతూ సరిహద్దు రాయి దగ్గరికొస్తే నాగలి ఎత్తి పక్కనుంచి తిప్పేవాడు. "జానెడు జరిపితే జానెడు దొంగతనమే" అనేవాడు. మీరూ అది గుర్తుపెట్టుకోండి.

జిల్లాల గీతలు కాగితం మీద ఎన్నిసార్లు మారాయో! ఆ రాయి మాత్రం నేను చూసినప్పటి నుంచి అక్కడే ఉంది. అదెలాగో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సంక్రాంతికి వస్తారుగా, తూర్పు గట్టు చివర తుమ్మచెట్టు కింద వెతకండి. సగం మట్టిలో ఉంటుంది. ముళ్లుంటాయి, చెప్పులు వేసుకెళ్లండి.

మీ తాతయ్య